గోడమీది పులికి ముందు కాగితం, తర్వాతే కుంచె

స్టఫ్ చేసిన జంతువులు ఇంట్లో ఉన్నవారు తెలుసుకోవలసిన సంగతులు

ఉప్పల్: పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టించుకునేవారికి ఒక్కొక్కసారి చిత్రమైన చిక్కు వచ్చిపడుతుంది. బీరువాకు చోటు దొరుకుతుంది. పట్టెమంచం ఏదో గదిలో సర్దుకుంటుంది. రోలు, పొత్రం కూడా బాల్కనీలో ఒక మూలకు చేరతాయి. తాతగారి కాలంనుంచి హాల్లో గోడకు వేలాడుతున్న కృష్ణజింక తలకు మాత్రం చోటు దొరకదు. కొత్త ఫ్లాటు గోడలు పలచన. పిల్లలు భయపడతారు. కోడలికి అది ఇంట్లో ఉండటమే ఇష్టముండదు. పారేయడానికి పెద్దాయనకు మనసొప్పదు.

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ ప్రాంతాల్లో పెద్ద పెద్ద ఆవరణల ఇళ్లు ఒకటొకటిగా ఫ్లాట్లుగా మారుతున్న ఈ రోజుల్లో ఈ చిక్కు ఎవరి ఇంట్లోనైనా రావచ్చు.

అలాంటప్పుడు తలా ఒక సలహా ఇస్తారు. పాత సామాన్లవాడికి అమ్మేయమని ఒకరు, ఊళ్లో బావగారికి ఇచ్చేయమని ఒకరు, రాత్రిపూట చెత్తబండిలో పడేస్తే పీడా పోతుందని మరొకరు. ఈ మూడింటిలో ఏది చేసినా ఇంటి యజమాని చట్టానికి చిక్కే ప్రమాదమున్నది. పోనీ ఉంచుకుందామంటే, ఊరికే ఉంచుకోవడానికీ వీల్లేదు. దానికి కాగితం ఉండాలి. కాగితం ఉన్నా, ఆ తోలులో దాగిన విషం సంగతి తెలిసి ఉండాలి. ఈ రెండూ తేలిన తర్వాతే దుమ్ము దులపటం, పురుగు పట్టకుండా చూడటం.

సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. ముందు కుంచె పట్టుకుంటారు. కాగితం మాట ఎవరైనా వచ్చి అడిగితేగాని గుర్తుకు రాదు.

వేటల కాలం మిగిల్చినవి

హైదరాబాదు సంస్థానంలో వేట పెద్ద ఇళ్లవారి వినోదం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (1866-1911) పులివేటలో పేరుపొందినవాడు. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ తీసిన వేట ఫొటోలు ఆ కాలపు ఆర్భాటానికి సాక్ష్యాలు. మెదక్ దగ్గరి పోచారం అడవి, నగరానికి మన వైపునే ఉన్న వనస్థలిపురం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలాలే. పాలకుల అలవాటు జాగీర్దార్లకు, దేశ్‌ముఖులకు, తుపాకీ లైసెన్సున్న ఉద్యోగులకు, అడవి కాంట్రాక్టర్లకు పాకింది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లు ఆ సరదా సాగింది.

కొట్టిన జంతువు చర్మాన్ని ఒలిచి, ఉప్పు పట్టించి, స్టఫ్ చేసేవారికి పంపేవారు. దక్షిణాదిన ఇందులో పేరుమోసినది మైసూరులోని వాన్ ఇంగెన్ కంపెనీ. 1900 ప్రాంతంలో మొదలై 1990ల చివరిదాకా పనిచేసిన ఆ కంపెనీనుంచి పులులు, చిరుతలు వేల సంఖ్యలో దేశవిదేశాల్లోని ఇళ్లకు చేరాయి. ఆ పని చేసిన అన్నదమ్ముల్లో చివరివాడు జూబర్ట్ వాన్ ఇంగెన్ 2013లో నూరేళ్ల వయసులో మరణించాడు. మీ ఇంట్లోని తలను బిగించిన చెక్కకు వెనుకవైపు ఏదైనా కంపెనీ చీటీగాని, నంబరుగాని అంటించి ఉంటే దానిని చింపకండి, తుడవకండి. ఆ వస్తువు వయసు తెలుసుకోవడానికి అదొక ఆధారం.

జమీందారు బంగళా అంటే మెట్లపక్కన నోరు తెరిచిన పులి ఉండి తీరాలని మన సినిమాలవారు కూడా చాలాకాలం అనుకున్నారు. రామకృష్ణా స్టూడియో వెలసిన నాచారంవాసులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెరమీద పులి దర్జాకు గుర్తు. ఇంట్లో పులి అంటే నేడు బాధ్యత.

కాగితం ఉన్నదా?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం జంతువు తల, చర్మం, కొమ్ములు, స్టఫ్ చేసిన పక్షి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అప్పటికే ఇలాంటివి ఇంట్లో ఉన్నవారు 30 రోజుల్లోగా అటవీశాఖ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియపరచాలని, పరిశీలన జరిగిన తర్వాత ఆయన యాజమాన్య ధ్రువపత్రం ఇస్తారని చట్టం చెప్పింది. చాలామంది ఆ గడువును పట్టించుకోలేదు. 2003లో కేంద్రప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు తెచ్చి మరో 180 రోజుల గడువు ఇచ్చింది. అది కూడా ఆ ఏడాదిలోనే ముగిసిపోయింది.

కాబట్టి నేడు మొదట చేయవలసిన పని, తాతగారి ట్రంకుపెట్టె తెరిచి ఆ ధ్రువపత్రం కోసం వెతకటం. ఇంటి దస్తావేజులు, తుపాకీ లైసెన్సు, పాత ఉత్తరాలు ఉన్న కట్టల్లోనే అది ఉండే అవకాశం ఎక్కువ. దానిమీద జిల్లా పేరు మేడ్చల్-మల్కాజిగిరి అని ఉండదు. ఆ జిల్లా ఏర్పడింది 2016లో. అంతకు ముందు మన ప్రాంతం రంగారెడ్డి జిల్లా. ఆ జిల్లా కూడా 1978లో పుట్టినదే. 1970ల తొలినాటి కాగితమైతే హైదరాబాదు జిల్లా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని ఉంటుంది. పేర్లు మారినంతమాత్రాన అది చెల్లని కాగితమని పారేయకూడదు.

తుపాకీ లైసెన్సు ఉన్నదిగదా, వేట పర్మిటు ఉన్నదిగదా అని కొందరు ధీమాగా ఉంటారు. అవి జంతువును చట్టబద్ధంగానే కొట్టారని చెప్పుకోవడానికి పనికిరావచ్చు. యాజమాన్య ధ్రువపత్రానికి బదులు కావు.

తండ్రి పోయిన తర్వాత ఆ తల కొడుకు చేతికో, కూతురి చేతికో వస్తుంది. వారసత్వంగా పొందటాన్ని చట్టం ఒప్పుకుంటుంది. అయితే 90 రోజుల్లోగా వారసులు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియపరచాలి. దశదిన కర్మలు, బ్యాంకు పనులు, ఇంటి మ్యుటేషను, వీటి మధ్య ఈ సంగతి ఎవరికీ తట్టదు. తండ్రి పేర కాగితం పదిలంగా ఉండి కూడా పిల్లలు ఇరకాటంలో పడేది ఇక్కడే.

ధ్రువపత్రం ఉన్నా అమ్మడానికి వీల్లేదు. డబ్బుకుగాని, మరో వస్తువుకు మారుగాగాని ఇవ్వరాదు. స్నేహితుడికి ఉచితంగా ఇచ్చినా, పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కృష్ణజింక వంటి మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించినవి వారసత్వంగా తప్ప కొత్తవారు పుచ్చుకోవటం నేరమవుతుంది. ఉద్యోగరీత్యా బెంగుళూరుకో, పుణేకో మారుతూ సామానుతోపాటు దానిని కూడా తీసుకుపోతే 30 రోజుల్లోగా తెలియపరచాలి. లారీలో మూటకట్టి పంపితే అయిపోయే పని కాదు.

మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లనుంచి ఏడేళ్లవరకు జైలు. 2022లో చేసిన సవరణ తర్వాత జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. ఇంకొక మాట. ఇటువంటి వస్తువు ఇంట్లో దొరికితే అది అక్రమంగా ఉన్నదనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం ఇంటివారిదే.

పెంపుడు జంతువులకు ఈ గొడవ లేదు. గేదె కొమ్ములు, పొట్టేలు తల గోడకు తగిలించుకుంటే ఎవరూ అడగరు. నెమలి తోక ఈకలకు చట్టంలో మినహాయింపు ఉన్నది. స్టఫ్ చేసిన నెమలికి లేదు.

ముక్క దొరికితే చాలు

అది పెంపుడు గేదె కొమ్మేనని చెప్పి అడవిదున్న కొమ్మును దాటించవచ్చుననుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జంతువేదో తేల్చిచెప్పే శాస్త్రం మన ఉప్పల్ రోడ్డుమీదే తయారయింది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఏ జంతువుకైనా పనికివచ్చే డీఎన్ఏ పరీక్షను రూపొందించి 2003లో ప్రకటించారు. ప్రతి ప్రాణిలోనూ ఉండే ఒక జన్యువు ముక్కను తీసి, దాని వరుసను చదివి, తెలిసిన జాతుల వరుసలతో పోల్చటం అందులోని కిటుకు. చర్మం ముక్క, ఎముక, వెంట్రుక ఏదైనా సరే, ఆకారం చూసి పోల్చుకోలేని స్థితిలో ఉన్నా ఈ పరీక్షతో జాతి తెలిసే వీలున్నది. వన్యప్రాణి కేసుల్లో ఈ పరీక్షను దేశమంతటా వాడుతున్నారు. ఆ సంస్థకు అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ ప్రయోగశాల ఈ పని చేస్తున్నది.

తోలులో పాషాణం

కాగితం ఉన్నది, తల ఇంట్లోనే ఉంటుంది అనుకుందాం. ఇక రెండో సంగతి.

చనిపోయిన జంతువు చర్మం కుళ్లకుండా, పురుగు పట్టకుండా అన్నేళ్లు నిలిచి ఉన్నదంటే దానికి ఏదో పూసి ఉండాలిగదా. ఆ ఏదో చాలావరకు పాషాణమే. శాస్త్రజ్ఞులు దానిని ఆర్సెనిక్ అంటారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు మెట్స్ పట్టణంలో బెకర్ అనే మందుల వ్యాపారి పాషాణం, సబ్బు, కర్పూరం, సున్నం, పొటాష్ కలిపి ఒక ముద్ద తయారుచేశాడు. చర్మానికి లోపలివైపు ఆ ముద్ద పూస్తే పురుగు దరిచేరదు. ఆ కిటుకు లోకమంతా వ్యాపించి 20వ శతాబ్దం రెండో సగందాకా వాడుకలో ఉన్నది. పాషాణం చాలదన్నట్టు కొందరు పాదరసపు లవణాలు వాడారు. తర్వాత డీడీటీ పొడి వచ్చింది.

పాషాణం ఏళ్లు గడిచినకొద్దీ విరిగిపోయే పదార్థం కాదు. తాతగారు పెట్టించిన పాషాణం మనవడి కాలానికీ అక్కడే ఉంటుంది. చర్మం ఎండి, చీలి, పొడి రాలినప్పుడు దుమ్ములో కలిసి బయటికి వస్తుంది. చెవుల మొదట్లో, కళ్లచుట్టూ, కుట్లవెంట, పాదాల దగ్గర తెల్లని పొడిలాగ, చిన్న పలుకుల్లాగ కనిపిస్తే అనుమానించాలి. కనిపించకపోతే లేదని అర్థం కాదు. కంటితో చూసి తేల్చే విద్య లేదు. 1980లకు ముందు తయారైన ప్రతి తలనూ, ప్రతి పక్షినీ విషమున్నదానిగానే లెక్కకట్టి మెలగటం క్షేమం.

భయపడి ఇల్లు వదిలిపోవలసిన పని లేదు. గోడమీద కదలకుండా ఉన్న తల దానంతట అది ఎవరినీ ఏమీ చేయదు. ముట్టుకోవటం, దులపటం, ఆ చేతులతో అన్నం తినటం, ఇవీ ప్రమాదం. చిన్నపిల్లలకు ముద్దొచ్చి పులి మీసం లాగుతారు, పులి వీపుమీద ఎక్కి ఆడతారు. పూర్వం పిల్లవాడిని పులిమీద కూర్చోబెట్టి ఫొటో తీయించటం కూడా సరదాయే. ఇకమీదట అటువంటివి మానుకోవాలి. కుక్క, పిల్లి ఉన్న ఇళ్లలో అవి తోలును కొరకకుండా చూడాలి. పడకగదిలో, వంటింట్లో, భోజనాల బల్లకు పైన ఈ వస్తువులు ఉండరాదు.

ఎక్కడ తగిలించాలి?

అన్నిటికన్న మంచిది అద్దాల పెట్టె. దుమ్ము, పురుగు, పిల్లల చేతులు, మూడింటికీ ఒకే అడ్డు. పక్షులకు, చిన్న జంతువులకు ఇది తప్పనిసరి అనుకోవాలి. పెద్ద తలకు పెట్టె చేయించటం కష్టం గనుక గోడ సంగతి చూడాలి.

పాత ఇళ్లవి రాతిగోడలు, మందపాటి ఇటుకగోడలు. ఎంత బరువైనా మోసేవి. ఫ్లాట్లలో గదికీ గదికీ మధ్య ఉండేది నాలుగంగుళాల గోడ. కొమ్ములతో సహా కణితి తల, అడవిదున్న తల మోయలేని బరువుంటాయి. మేకు కొట్టి తగిలిస్తే ఒక రాత్రి ఊడి పడుతుంది. తొమ్మిదంగుళాల గోడ చూసుకొని, యాంకర్ బోల్టులు వేయించి, వెనుక చెక్కకు రెండుచోట్ల ఇనుప పట్టీలు బిగించి తగిలించాలి. కొమ్ములకు తాడుకట్టి వేలాడదీయరాదు. సోఫా పైన, మంచం పైన, గుమ్మం పైన వద్దు.

వాన కొట్టే బయటిగోడ వద్దు. మన ఊళ్లో వానాకాలం గాలిలో తేమ 70 శాతం దాటటం మామూలే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నంపూట 30 శాతానికి దిగువకు పడిపోతుంది. తోలు తేమ పీల్చి సాగుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. ఏటా ఇలా సాగి, బిగిసి చివరకు పెదవుల దగ్గర, కంటికొలకుల దగ్గర, చెవుల మొదట్లో పగులుతుంది. లోపలి గడ్డి, కాగితపు గుజ్జు, మట్టి తోలుతోపాటు కదలవు గనుక చీలిక తప్పదు. తేమ 45నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండటం మేలని మ్యూజియంలవారి లెక్క. అంత ఖచ్చితంగా ఇంట్లో కుదరదు. కనీసం హెచ్చుతగ్గులు ఒక్కసారిగా రాకుండా చూసుకోవచ్చు. ఏసీ గాలి సూటిగా తగిలేచోట పెట్టకూడదు. ఎండాకాలం వట్టివేళ్ల కూలరు మరీ ప్రమాదం. పగలంతా తడిగాలి కొట్టి రాత్రి ఆపేస్తే, వానాకాలం, ఎండాకాలం ఒక్కరోజులోనే వచ్చి పోయినట్టు. తలకూ గోడకూ మధ్య అంగుళం సందు ఉండేలా చిన్న చెక్కముక్కలు పెడితే గాలి ఆడి చెమ్మ పట్టదు.

ఎండ సోకితే వెంట్రుకల రంగు వెలుస్తుంది. వెలిసిన రంగు తిరిగి రాదు. పడమటి కిటికీకి ఎదురుగోడ అసలే పనికిరాదు. ఫోకస్ లైటు వేసి చూపించాలనే మోజు ఉంటే, వేడి తక్కువుండే చిన్న ఎల్ఈడీ బల్బు దూరంగా పెట్టి, చుట్టాలు వచ్చినప్పుడే వేయాలి.

అగరువత్తుల పొగ, సాంబ్రాణి ధూపం, దీపావళి మందుల పొగ వెంట్రుకలకు జిడ్డు పట్టిస్తాయి. ఆ జిడ్డుమీద దుమ్ము అతుక్కుంటుంది. దుమ్ముకు మన ప్రాంతంలో ఎన్నడూ కొదవ లేదు. పారిశ్రామికవాడల లారీలు సరేసరి. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనులు ఏళ్లతరబడి సాగి రోడ్డు పొడవునా ఇళ్లను దుమ్ములో ముంచాయి. రోడ్డువైపు గది కాకుండా లోపలి గది ఎంచుకోవటం మేలు. ఇంటికి రంగులు వేయించే రోజుల్లో తలను దించి వేరే గదిలో పెట్టి, ఉతికిన నూలుబట్ట కప్పాలి. సున్నపు చుక్క పడితే వెంట్రుక పాడవుతుంది.

పురుగు పట్టినట్టు ఎలా తెలుస్తుంది?

ఉన్నిబట్టలను కొరికే చిమ్మటలే వెంట్రుకలనూ, ఈకలనూ కొరుకుతాయి. వీటికి తోడు తోలుతినే చిన్న పెంకు పురుగులు. ఆవగింజంత పెంకు పురుగు కిటికీ దగ్గర చచ్చిపడి కనిపిస్తుంది. హాని చేసేది అది కాదు, నూగు నూగుగా ఉండే దాని పిల్ల. తల కింద గచ్చుమీద సన్నని పొడి, రాలిన వెంట్రుకలు, ఎండిన పొరల్లాంటి గుల్లలు కనిపిస్తే పురుగు లోపల కాపురం పెట్టిందన్నమాట. గచ్చుమీద తెల్లకాగితం పరిచి వారానికొకసారి చూస్తే సులువుగా తెలుస్తుంది. చెక్కకు చెదలు, కొమ్ములకు ఎలుకలు వేరే శత్రువులు.

చాలామంది వెంటనే కలరా ఉండలు గుడ్డలో కట్టి వేలాడదీస్తారు. వాటి వాసనకు పురుగు రాకుండా ఉండవచ్చునేమోగాని, లోపల చేరిన పురుగును అవి తుడిచిపెట్టలేవు. పైగా ఆ వాసన రోజూ పీల్చటం మనుషులకు మంచిది కాదు. జీ6పీడీ అనే రక్తలోపమున్న పసిపిల్లలకు మరీ హాని. పురుగుల మందు నేరుగా కొట్టడమూ తప్పే. మందులోని నూనె వెంట్రుకలకు పట్టి ముద్దకడతాయి.

మ్యూజియంలవారు పాటించే పద్ధతి చలి. వస్తువును పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, సున్నాకు 18 డిగ్రీల దిగువన రెండు వారాలు ఉంచుతారు. పైకి తీసిన తర్వాత ఒక రోజంతా సంచి విప్పకుండా ఉంచి, మామూలు వేడికి వచ్చాక తెరుస్తారు. లేకపోతే మంచు కరిగి తోలు తడుస్తుంది. ఇంట్లోని ఫ్రిజ్‌లో మాత్రం ఈ ప్రయోగం చేయరాదు. పాలు, కూరగాయలు పెట్టే చోట పాషాణపు తోలు పెట్టడమంటే ఏమిటో వివరించనక్కరలేదు. ఇంటివారు చేయదగినది, చేయవలసినది ఒకటే. పురుగు కనిపించగానే దానిని మందపాటి పాలిథిన్‌లో చుట్టి, టేపు అంటించి, మిగిలినవాటికి, ఉన్నిబట్టలకు, తివాచీలకు దూరంగా వేరుచేయాలి. ఆ తర్వాత తెలిసినవారి సలహా తీసుకోవాలి.

కుంచె పట్టేముందు

ఇప్పుడు కుంచె సంగతి. రబ్బరు తొడుగులు, ఎన్-95 మాస్కు లేకుండా మొదలుపెట్టవద్దు. పిల్లలను వేరే గదికి పంపించాలి. ఫ్యాను ఆపాలి. కింద పాత వార్తాపత్రికలు పరవాలి. మెత్తని వెడల్పాటి కుంచెతో, వెంట్రుక ఏ వైపు వాలితే ఆ వైపే నెమ్మదిగా తుడవాలి. ఎదురు తుడిస్తే వెంట్రుక విరుగుతుంది. పక్షి అయితే ఈక మొదటినుంచి కొసకు. చీపురుతో, ఈకల కట్టతో దులిపితే దుమ్ము గాలిలో లేచి ముక్కులోకే వస్తుంది. తడిగుడ్డ అసలే వద్దు.

మంచి ఫిల్టరున్న వాక్యూం క్లీనరు ఉంటే, దాని మూతికి దోమతెరగుడ్డ కట్టి, తోలుకు తగలకుండా కొంచెం ఎడంగా పట్టుకొని, కుంచెతో కదిపిన దుమ్మును పీల్చుకోనివ్వవచ్చు. మామూలు వాక్యూం క్లీనరు సన్నని దుమ్మును వెనుకనుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది గనుక అది వాడరాదు. గాజుకళ్లను దూదిపుల్లను శుభ్రమైన నీటిలో ముంచి, పిండి, తుడిస్తే చాలు. కొబ్బరినూనె రాసి మెరిపించటం, నోటికి రంగు వేయటం, కొమ్ములకు వార్నీషు పట్టించటం చూపరులకు బాగుండవచ్చు. నూనె నాలుగు నెలల్లో దుమ్మును పట్టి, మక్కు వాసన వేసి, పురుగును పిలుస్తుంది.

పని ముగిశాక కాగితాలు, తొడుగులు, మాస్కు ఒక సంచిలో వేసి గట్టిగా కట్టి పారేయాలి. గచ్చు తడిగుడ్డతో తుడవాలి. వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేస్తే చాలు. దీనిని పనిమనిషికి పురమాయించటం న్యాయం కాదు. ఆమెకు ఆ విషం సంగతి తెలియదు. మనకు తెలుసు.

చెవి ఊడినా, తోలు చీలినా ఫెవికాల్ పూయవద్దు. తోలు మళ్లీ బిగుసుకున్నప్పుడు ఆ పక్కనే మరో చీలిక వస్తుంది. ఊడిన ముక్కను కవరులో వేసి, తేదీ రాసి దాచాలి. బాగుచేసేవారెవరో దొరికారు గదా అని తొందరపడి అప్పగించరాదు. జంతువులను స్టఫ్ చేసే పనిని వృత్తిగా చేసేవారికి కూడా చట్టప్రకారం లైసెన్సు ఉండాలి. ముందు అటవీశాఖను అడిగి చేయించటం మంచిది. బొమ్మ ఉన్న స్థితిని నాలుగువైపులనుంచి ఫొటోలు తీసి, ధ్రువపత్రం నకలుతో కలిపి ఒక ఫైలులో ఉంచుకుంటే, ఇల్లు మారినా, తరం మారినా వెతుకులాట ఉండదు.

వద్దనుకుంటే దారి ఉన్నది

ఇంత చాకిరీ మావల్ల కాదనుకునేవారికి 2022నాటి సవరణ ఒక దారి చూపింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. ధ్రువపత్రం ఉన్నవారు ఏడు పనిదినాలు ముందుగా నోటీసు ఇచ్చి, ఆ వస్తువును చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు అప్పగించవచ్చు. నష్టపరిహారం ఏమీ రాదు. అప్పగించిన రోజునుంచి ధ్రువపత్రం రద్దవుతుంది, బాధ్యతా తీరుతుంది. తెలంగాణ అటవీశాఖ ప్రధాన కార్యాలయం సైఫాబాద్‌లోని అరణ్యభవన్‌లో ఉన్నది.

ధ్రువపత్రం లేనివారి పరిస్థితి ఇంతకన్న సున్నితం. అటువంటి వస్తువు ప్రభుత్వ ఆస్తి కిందికి వస్తుంది. దానిని కాల్చటం, పాతిపెట్టటం, పారేయటం ప్రభుత్వ ఆస్తిని నాశనం చేయటమే అవుతుంది. ప్రభుత్వ ఆస్తి అనదగినది చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీసుస్టేషనుకుగాని, అటవీ అధికారికిగాని తెలియపరచాలన్నది చట్టంలోని మాట. పాత ఇల్లు ఖాళీ చేస్తుండగా అటకమీద చిరుత చర్మం బయటపడితే ముందు ఒక న్యాయవాదితో మాట్లాడి, ఆలస్యం చేయకుండా లిఖితపూర్వకంగా తెలియపరచటమే దారి. దాచినకొద్దీ సంజాయిషీ చెప్పుకోవటం కష్టమవుతుంది. వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఎవరికైనా కావాలా?" అని అడగటమంత అవివేకం మరొకటి లేదు.

తాతగారి గుర్తును పోగొట్టుకుంటున్నామని పెద్దలు బాధపడటం సహజం. ఆ బాధను తేలిక చేయవద్దు. ఆయన ఫొటో, ఆయన తుపాకీ పట్టిన కథ, అప్పటి అడవి సంగతులు రాసిపెట్టుకుంటే అవి ఇంట్లోనే ఉంటాయి. వాటికి పురుగు పట్టదు, పాషాణం అక్కరలేదు.

ఇక పిల్లలకు కృష్ణజింకను చూపించాలంటే గోడకేసి చూడనక్కరలేదు. ఉప్పల్‌నుంచి ఎల్బీనగర్ మీదుగా కొద్ది మైళ్లు పోతే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాం వేటాడిన ఆ నేలనే 1975లో జింకలకు విడిచిపెట్టారు. తాతగారిని కూడా వెంటబెట్టుకొని పోతే మంచిది. ఆయన గోడకు తగిలించిన కొమ్ములు అక్కడ గడ్డిలో పరుగెత్తుతూ కనిపిస్తాయి.